పళ్లెంలో మిగిలిన అన్నం

భోజన మర్యాదలను గురించి దైవప్రవక్త ముహమ్మద్ (స) ఏమి బోధించారో విద్యార్థులకు చెప్పడం నా వృత్తిలో ఒక భాగం. ఇమామ్ నవవీ (రహ్మ) సంకలనం చేసిన ‘రియాదుస్సాలిహీన్’లోని ఆహార ప్రకరణాన్ని ఎన్నిసార్లు బోధించానో నాకే గుర్తులేదు. పుస్తకం తెరవకుండానే హదీసులు వరుసగా చెప్పగలను. అయినా ఆ పాఠం నాకు అర్థమైన చోటు మాత్రం ఒక జొన్నచేను గట్టు. జహీరాబాద్‌కు సమీపాన ఉన్న ఒక చిన్న పల్లెకు 2018 జనవరిలో నేను చేసిన ప్రయాణం వృత్తాంతమిది. ఇందులో నా తప్పు కూడా ఉంది. దానిని దాచిపెట్టి చెబితే ఈ వ్యాసం వల్ల ప్రయోజనం ఉండదు.

అప్పట్లో మా మద్రసాలో మధ్యాహ్న భోజనానికి పదిహేను నిమిషాల వ్యవధి ఉండేది. జుహర్ నమాజు ముగియగానే దస్తర్‌ఖాన్ పరిచేవారు. గంట మోగగానే అందరూ లేచి తరగతులకు వెళ్లాలి. పదమూడేళ్ల విద్యార్థి ఒకడు ప్రతిరోజూ ఆలస్యంగా వచ్చేవాడు. చదువులో మందకొడి కాదు. తినడంలోనే నిదానం. ముద్దను బాగా నమిలేవాడు, దస్తర్‌ఖాన్ మీద రాలిన మెతుకులను ఒక్కొక్కటిగా ఏరుకునేవాడు. ఒకరోజు నేనే భోజనశాలకు వెళ్లి, అందరి ఎదుట, “తినడానికి వచ్చావా, చదువుకోవడానికి వచ్చావా?” అని గద్దించి లేపాను. వాడు మారు మాటాడకుండా లేచాడు. పళ్లెంలో సగం అన్నం అలాగే ఉండిపోయింది. వడ్డించే మనిషి దానిని బకెట్‌లో పోశాడు. ఆ మధ్యాహ్నం నేను బోధించిన పాఠం, కింద పడిన ముద్దను శుభ్రం చేసుకుని తినమని, దానిని షైతాన్‌కు వదలవద్దని ప్రవక్త (స) చెప్పిన హదీసు. ఆ రెండింటికీ సంబంధం ఉందన్న తలంపే నాకు ఆనాడు కలగలేదు.

అర్ధ సంవత్సర పరీక్షలు ముగిసి, పది రోజుల సెలవులకు పిల్లలందరూ ఇళ్లకు వెళ్లారు. సెలవులు ముగిశాక అందరూ వచ్చారు, ఆ అబ్బాయి రాలేదు. ఒక వారం చూశాను. వాళ్ల నాన్నకు ఫోన్ చేస్తే, “చేను దగ్గర పనుంది హజ్రత్, పంపిస్తాము” అన్నాడు. ఎప్పుడు పంపిస్తాడో చెప్పలేదు. నా మనసు నన్ను నిలదీయసాగింది. ఒక విద్యార్థి నా నోటి దురుసుతనం వల్ల ధర్మవిద్యకు దూరమైతే రేపు అల్లాహ్ సన్నిధిలో నేనేమి జవాబు చెప్పగలను? ఒక శుక్రవారం ఫజ్ర్ నమాజు కాగానే బస్సెక్కాను.

నల్లరేగడి దారిలో

హైదరాబాద్ నుండి పుణె వైపు వెళ్లే జాతీయ రహదారిపై సుమారు 100 కిలోమీటర్లు వెళితే జహీరాబాద్ వస్తుంది. సంగారెడ్డి, సదాశివపేట దాటాక నేల రంగు మారుతూ పోతుంది. ఒకచోట ఎర్రమట్టి దిబ్బలు, మరికొంత దూరం పోగానే నల్లరేగడి మైదానం. నేను మిర్యాలగూడ ప్రాంతంలో, సాగర్ కాలువ కింద పుట్టి పెరిగినవాణ్ణి. నా కంటికి పొలమంటే నీళ్లు నిలిచిన వరిమడి. అక్కడ నాకు కనిపించినది వేరు. కాలువ లేదు, బోరు చప్పుడు లేదు. అయినా నిలువెత్తు జొన్న, కంకులు వేసి నిలబడి ఉంది. జొన్నసాళ్ల మధ్య శనగ కాయలు పట్టి ఉంది. చేను అంచుల వెంబడి కుసుమ పూలు పసుపు, నారింజ రంగుల్లో విరబూసి ఉన్నాయి.

జహీరాబాద్‌లో జుమా నమాజు చేసుకుని, ఆటోలో ఆ పల్లెకు చేరేసరికి మూడు దాటింది. ఇంటి దగ్గర ఎవరూ లేరు. చేనుకు వెళ్లారని పొరుగువారు చెప్పారు. గట్టు వెంట నడుచుకుంటూ వెళ్లాను. దూరాన మంచె మీద మా విద్యార్థి కనిపించాడు. చేతిలో ఒడిసెల ఉంది. పిట్టల గుంపు వాలినప్పుడల్లా దానిని గిరగిర తిప్పి చప్పుడు చేస్తున్నాడు. నన్ను చూడగానే గబగబా దిగి వచ్చి సలాం చేశాడు. వాడి ముఖంలో భయమే తప్ప సంతోషం నాకు కనిపించలేదు.

వాళ్ల నాన్న ఎదురొచ్చి చేతులు పట్టుకుని ఆహ్వానించాడు. నీళ్లు పెట్టకుండా ఈ పంట ఎలా వచ్చిందని అడిగాను. ఆయన వంగి, మట్టిని జానెడు లోతు తవ్వి ఒక పెళ్లను నా చేతిలో పెట్టాడు. పైన నెర్రెలు విచ్చిన నేల, లోపల చల్లగా, తడిగా ఉంది. వానాకాలమంతా నల్లరేగడి నీటిని తాగి దాచుకుంటుందనీ, వర్షాలు వెనకబట్టే వేళకు జొన్న విత్తుతారనీ, ఆ దాచుకున్న తేమతోనూ చలికాలపు మంచుతోనూ పంట పండుతుందనీ వివరించాడు. శనగ నేలకు బలాన్నిస్తుంది. కుసుమ ముళ్ల మొక్క కాబట్టి అంచున విత్తితే పశువులు చేనులోకి దిగవు. ఒక్కో మొక్కకు ఒక్కో పని. అబస సూరాలో అల్లాహ్ మానవుణ్ణి తన ఆహారం వైపు ఒకసారి చూడమంటున్నాడు. పై నుండి కురిపించిన నీటిని, చీల్చిన నేలను, అందులో మొలిపించిన గింజను వరుసగా గుర్తుచేస్తున్నాడు. ఆ ఆయతులను నేను కొన్ని వందల సార్లు పారాయణం చేసి ఉంటాను. ఆ మట్టిపెళ్ల చేతిలో ఉన్నప్పుడు మాత్రం, ఆ ఆజ్ఞ ప్రకారం నేను ఒక్కనాడూ నా ఆహారం వైపు చూడలేదని తోచింది.

మూడు నెలల గింజ

చేను అంచున వాళ్ల దాదీ పిడకల నిప్పుల మీద పాలకంకులను కాలుస్తూ కూర్చుని ఉంది. కాల్చిన కంకులను వేడి వేడిగా నలిపి, చేటలో చెరిగి, ఊసబియ్యం నా ముందు పెట్టింది. పక్కన కాస్త బెల్లం. నేను ఆకలి మీద ఉన్నాను. బిస్మిల్లాహ్ అని గుప్పెడు నోట్లో వేసుకుని రెండు నమలుళ్లలో మింగి, మరో గుప్పెడు అందుకున్నాను. ఆ ముసలమ్మ నన్నే చూస్తోంది.

“మౌలీసాబ్, ఈ గింజ తయారవడానికి మూడు నెలలు దాటింది. నోట్లో మూడు నిమిషాలన్నా ఉండనియ్యరాదా?” అంది నవ్వుతూ.

కొడుకు కంగారుపడి, “అమ్మీ!” అని వారించబోయాడు. నేను వద్దన్నాను. ఆమెకు నా సంగతి తెలియదు. అంతకు కొన్ని నెలల ముందే వైద్యుడు నాకు మధుమేహం ఉందని చెప్పాడు. నెమ్మదిగా తినాలనీ, కడుపు నిండిన సంగతి మెదడుకు చేరడానికి సుమారు 20 నిమిషాలు పడుతుందనీ చెప్పాడు. తలూపి వచ్చి, మా మద్రసా గంట ప్రకారమే తింటూ వచ్చాను. పొట్టలో మూడో వంతు ఆహారానికి, మూడో వంతు నీటికి, మూడో వంతు ఊపిరికి అని ప్రవక్త (స) చెప్పిన మాటను తిర్మిజీ గ్రంథం నుండి విద్యార్థులకు వినిపిస్తూనే, నా పొట్టలో మూడు వంతులూ అన్నానికే ఇచ్చాను.

ఈసారి ఒక్కొక్క గింజనూ నమిలాను. మొదట పొగ వాసన, తర్వాత పాల రుచి, చివర సన్నని తీపి. ఇన్నాళ్లుగా నేను తిన్న తిండిలో ఏ రుచులు ఉన్నాయో నాకు నిజంగా తెలియదనిపించింది.

మంచె దిగువన ఉన్న రెండు సాళ్లలో పిట్టలు నిర్భయంగా తింటున్నాయి. అబ్బాయి ఆ వైపు ఒడిసెల తిప్పడం లేదు. ఎందుకని అడిగితే, “అవి దాదీ పిట్టలకు వదిలిన సాళ్లు హజ్రత్” అన్నాడు. ఒక ముస్లిం మొక్క నాటితే, లేక పంట వేస్తే, దాని నుండి పక్షి తిన్నా, మనిషి తిన్నా, పశువు తిన్నా అది అతని తరఫున దానంగా పరిగణించబడుతుందని బుఖారీ గ్రంథంలో హదీసు ఉంది. ఆమెకు ఆ హదీసు అరబీ మాటలు తెలియవు. దాని అర్థాన్ని మాత్రం రెండు సాళ్లలో విత్తి పెట్టుకుంది.

అడగవలసిన మాట

పొద్దు వాలుతుండగా ఆ అబ్బాయినీ, నన్నూ మంచె దగ్గర వదిలి తండ్రి ఎడ్ల దగ్గరకు వెళ్లాడు. నేను నేరుగానే అడిగాను.

“బేటా, ఆ రోజు నేను అందరి ముందు కోప్పడ్డాననే కదా నువ్వు రావడం లేదు?”

వాడు తల అడ్డంగా ఊపాడు. చాలాసేపు ఒడిసెల తాడును వేలికి చుట్టుకుంటూ ఉండిపోయాడు. తర్వాత, “మీరు కోప్పడ్డందుకు కాదు హజ్రత్. ఆ అన్నం బకెట్‌లో పోశారు” అన్నాడు. ఇంటికి వచ్చినప్పుడల్లా దాదీ మొదట అడిగే మాట ఒకటే అట: మద్రసాలో కడుపునిండా పెడుతున్నారా, పళ్లెంలో ఏమీ మిగల్చడం లేదు కదా? ఈసారి ఆ రెండో ప్రశ్నకు వాడు అబద్ధం చెప్పలేకపోయాడు, నిజమూ చెప్పలేకపోయాడు. గురువు మీద చాడీ చెప్పినట్టవుతుందని భయపడ్డాడు. ఆ ముసలమ్మ ముందు నోరు మెదపలేక, ఆ భోజనశాలకు తిరిగి రావాలనిపించక, పిట్టల కాపలా నెపంతో మంచె ఎక్కి కూర్చున్నాడు.

దాసుల హక్కుల విషయంలో ఎవరికి అన్యాయం జరిగిందో వారి నుండే క్షమాపణ పొందాలని మేము బోధిస్తాము. వయసులో చిన్నవాడైనంత మాత్రాన ఆ సూత్రం మారదు. “తప్పు నాది. నువ్వు చేసింది సున్నత్. నేను నిన్ను దాని నుండి లేపాను. నన్ను క్షమించు” అన్నాను. వాడు ఏడ్చేశాడు. అప్పుడే తిరిగి వచ్చిన తండ్రి నా మాట విని, “అలా అనకండి హజ్రత్” అంటూ నా చేతులు పట్టుకున్నాడు. విషయమంతా నేనే ఆయనకు చెప్పాను. దాదీకి కూడా చెప్పాను. ఆమె కాసేపు మౌనంగా ఉండి, “చెప్పారుగా, చాలు” అంది.

ఒకే పళ్లెం

ఆ రాత్రి అక్కడే ఉండిపోయాను. మగ్రిబ్ తర్వాత వంటింట్లో నుండి రొట్టె తట్టే చప్పుడు మొదలైంది. జొన్నపిండిలో గోధుమపిండికి ఉండే జిగురు ఉండదు. కర్రతో వత్తితే విరిగిపోతుంది. అందుకే వేడినీళ్లతో కలిపి, బాగా మెదిపి, అరచేత్తో తడుతూ గుండ్రంగా సాగదీస్తారు. పెనం మీద వేశాక పై భాగాన్ని తడిగుడ్డతో తుడుస్తారు. తొందరపడితే రొట్టె చెదిరిపోతుంది.

ఇంతలో పక్క చేను వారి పెద్దావిడ ఒకామె కొంగులో జొన్న చెంచలి కూర తెచ్చి ఇచ్చింది. అది ఎవరూ విత్తకుండానే జొన్నచేలలో మొలిచే ఆకు. ఆమె ముస్లిం కాదు. దాదీ ఆమెను ఉత్తచేతులతో పంపలేదు, వేడి రొట్టెలు రెండు గుడ్డలో చుట్టి ఇచ్చింది. ముప్పై ఏళ్లుగా ఇదే వరస అని తండ్రి చెప్పాడు. పులుసులో కాస్త నీళ్లెక్కువ పోసి అయినా పొరుగువారిని చూసుకోమని ప్రవక్త (స) అబూజర్ (రజి) గారికి ఉపదేశించిన సంగతి ముస్లిం గ్రంథంలో ఉంది. పట్నంలో మా పక్కింట్లో ఆ రోజు ఏమి వండుకున్నారో నాకు తెలియదు. వారి పేరు కూడా నాకు సరిగా తెలియదు.

వెడల్పాటి పళ్లెం ఒకటి మధ్యలో పెట్టి, తండ్రి, ఆయన తమ్ముడు, అబ్బాయి, నేను చుట్టూ కూర్చున్నాము. జొన్నరొట్టె, చెంచలి కూర, పప్పు, పచ్చిమిరప తొక్కు. ఒకే పళ్లెంలో తినేటప్పుడు మనిషి నడవడి దాగదు. వాళ్లు ఒక రొట్టెలో సగం తినేలోగా నేను రెండో రొట్టె అందుకున్నాను. అది గమనించి నాకే సిగ్గేసి చేయి నెమ్మదించాను. ఎవరి ముందున్నది వారు తిన్నారు. చివరి రొట్టె మిగిలినప్పుడు తండ్రి, “లోపల వాళ్లకు ఉన్నాయా?” అని కేకేసి అడిగాకే దానిని తుంచాడు. పసివాడైన ఉమర్ బిన్ అబీ సలమా (రజి) చేయి పళ్లెమంతా తిరుగుతుంటే, అల్లాహ్ పేరు తలచుకుని, కుడిచేత్తో, తన ముందున్నది తినమని ప్రవక్త (స) మృదువుగా నేర్పారు. ఎంత తిన్నా తృప్తి కలగడం లేదని చెప్పుకున్న సహచరులకు, విడివిడిగా కాక కలసి తినమని సలహా ఇచ్చారు. ఆ రాత్రి నాకు రెండు రొట్టెలతో కడుపు నిండింది. నిండిందని తెలిసింది కూడా.

భోజనానంతరం తండ్రి ఆ ప్రాంతపు పంటల సంగతి చెప్పుకొచ్చాడు. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం వచ్చాక పేదల ఇళ్లలో అన్నం కొరత తీరింది. అది పెద్ద మేలే. అయితే మెల్లమెల్లగా జొన్న, కొర్ర, సామ పేదరికానికి గుర్తులైపోయాయి. పిల్లలు రొట్టె చూసి ముఖం తిప్పుకోసాగారు. కొన్ని చేలు బీడుపడ్డాయి. అయితే ఈ ప్రాంతంలోనే పస్తాపూర్ చుట్టుపక్కల పేద మహిళలు సంఘాలుగా ఏర్పడి బీళ్లను తిరిగి సాగులోకి తెచ్చారు. పాత విత్తనాలను అలికిన బుట్టల్లో బూడిద, వేపాకు కలిపి భద్రపరిచారు. ప్రతి ఏటా సంక్రాంతి వేళ ఎడ్లబండ్ల మీద ఆ విత్తనాలను ఊరూరా తిప్పుతూ పాత పంటల జాతర జరుపుతారు. ఆ మహిళలతో కలిసి పనిచేసే డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం వారి ఈక్వేటర్ బహుమతి లభించింది. 2023ను ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించినప్పుడు నేను పత్రికలో ఆ వార్త చదివి, వేడి రొట్టెలు చుట్టి ఇచ్చిన ఆ దాదీని తలచుకున్నాను.

పడుకోబోయే ముందు ఉష్ర్ ఎంత తీస్తారని అడిగాను. “పదో వంతు” అన్నాడు ఆయన వెంటనే. వర్షంతో పండిన పంటలో పదో వంతు, శ్రమపడి నీరు తోడి పండించిన దానిలో ఇరవయ్యో వంతు చెల్లించాలని హదీసు. “ఈ చేనుకు నీళ్లు పెట్టింది మేము కాదు కదా హజ్రత్” అన్నాడు. పది బస్తాలు వస్తే ఒక బస్తా పేదలకు, కల్లంలోనే వేరు చేస్తాడట. ఇంటికి చేరాక తీయాలంటే మనసు ఇరుకవుతుందని ఆయన అనుభవం. కోత రోజునే దాని హక్కు చెల్లించమని దివ్యఖుర్ఆన్ ఎందుకు ఆదేశించిందో ఆ రైతు మాటల్లో నాకు విశదమైంది.

తిరిగి వచ్చాక

అబ్బాయి కోతలు ముగిశాక వస్తానన్నాడు. మాట తప్పలేదు. చిన్న సంచిలో జొన్నపిండి కూడా తెచ్చాడు. మా వంటవానికి రొట్టె తట్టడం రాలేదు. రెండు రోజులు అందరం అంబలి తాగాము.

ఈలోగా నేను బాధ్యుల ముందు విషయం పెట్టాను. పాఠాల సమయం తగ్గుతుందని ఒకరిద్దరు అభ్యంతరం చెప్పారు. భోజన మర్యాదలు కూడా పాఠమేనని నేను విన్నవించాను. చివరకు భోజన సమయాన్ని పదిహేను నుండి ముప్పై అయిదు నిమిషాలకు పెంచి, సాయంత్రం తరగతిని కొంత వెనక్కు జరిపారు. ఉపాధ్యాయులు విద్యార్థులతో కలసి కూర్చోవాలని నియమం పెట్టుకున్నాము. మొదట కొంచెమే వడ్డించుకుని, కావలిస్తే మళ్లీ అడగడం అలవాటు చేశాము. మిగిలిన అన్నం పోసే బకెట్ అంతకుముందు రోజూ నిండేది. నెల తిరిగేసరికి అడుగున కొద్దిగా మాత్రమే కనిపించసాగింది. అది పూర్తిగా మాయమైందని చెప్పను. ప్రతి ఏటా కొత్త పిల్లలు వస్తారు, మళ్లీ మొదటి నుండి నేర్పవలసి వస్తుంది.

సోదర సోదరీమణులారా! మనలో అందరికీ జొన్నచేలు లేవు. దస్తర్‌ఖాన్ అందరికీ ఉంది. రోజులో ఒక్క పూటైనా ఇంటిల్లిపాదీ కలసి, ఫోన్లు పక్కన పెట్టి కూర్చోవడం మనకు సాధ్యమే. ఈ గింజ ఏ నేలలో పండింది, ఎవరి చేతులు దీనిని తట్టాయి అని పిల్లలను అడగడం సాధ్యమే. వంట చేసిన ఇల్లాలికి మిగిలిందో లేదో చూసుకున్నాకే చివరి ముద్ద అందుకోవడం సాధ్యమే. వలీమా విందులో పళ్లెం నింపుకుని సగం వదిలేసి లేచే మన అలవాటును మన ఇంటి నుండే సరిదిద్దుకోవడం సాధ్యమే. దైవప్రవక్త (స) ఏ ఆహారానికీ వంక పెట్టలేదు. ఇష్టమైతే తిన్నారు, లేకుంటే వదిలేశారు. ఆయన ఇంట్లో ఎక్కువగా ఉన్నది యవల రొట్టే. దానిని కృతజ్ఞతతో తిన్న ఆ ఇంటికి మించిన శుభం ఏ ఇంట ఉంది?

నా మధుమేహం పోలేదు గాని అదుపులో ఉంది, అల్‌హందులిల్లాహ్. ఆ అబ్బాయి గత ఏడాది చదువు పూర్తి చేసుకుని వెళ్లాడు. చివరి రోజు మధ్యాహ్నం కూడా అందరికన్నా ఆఖరున, రాలిన మెతుకులు ఏరుకుని, పళ్లెం శుభ్రంగా ముగించి లేచాడు. అంతవరకు నేను అతని పక్కనే కూర్చుని ఉన్నాను.